రాచపుండుపై ముందుచూపు: పాత హైదరాబాదు పల్లెలు వ్రాసిన ఒక అధ్యాయము

చంద్రపూరు జిల్లా కోర్పనా తాలూకాలో ఉప్పర్వాహి యను గ్రామము కలదు. నేడు ఆ పేరు వినినవారికి ముందుగా తోచునది సిమెంటు కర్మాగారము, దానికి ఆధారమైన సున్నపురాతి నేల. కాని ఆ నేలకు అంతకు పూర్వపు చరిత్ర యొకటి యున్నది. ఉప్పర్వాహి, గడ్‌చాందూరు, రాజురా ప్రాంతమంతయు 1956 వరకు హైదరాబాదు రాజ్యమునందలి ఆదిలాబాదు జిల్లాకు చేరియుండెను. వార్ధా నదికి ఈ యొడ్డున నిజాము పరిపాలన. ఆ యొడ్డున బల్లార్షా మొదలుగా నింకొక ప్రభుత్వము. 1956 నవంబరు 1వ తేదీన రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ జరిగినపుడు రాజురా తాలూకా ఆదిలాబాదు నుండి విడిపోయి బొంబాయి రాష్ట్రమందలి నాందేడు జిల్లాలో చేరెను. 1959లో చాందా జిల్లాకు మారెను. 1960లో మహారాష్ట్ర మేర్పడెను. ఇట్లు నాలుగేండ్లలో ఎల్లలు మూడుమార్లు మారినవి గాని, పొయ్యిరాళ్లు కదలలేదు; ఇంటిలో తెలుగు, బజారులో మరాఠీ మాటలాడు కుటుంబములు ఆ నేలనే తమ నేలగా నెంచి నిలిచినవి.

ఇట్టి సంచికలలో మనము కోటలను గూర్చియు, కోవెలలను గూర్చియు, కవులను గూర్చియు చదువుట పరిపాటి. ఈ వ్యాసమునకు విషయ మొక వ్యాధి. స్త్రీలకు గర్భాశయ ముఖద్వారమున కలుగు కాన్సరు అది. మన పెద్దలు రాచపుండని పిలిచిన వ్యాధిలో నొక విధము. వైద్యవిషయమునకు చరిత్రవ్యాసములలో చోటేమని కొందరు సంశయింపవచ్చును. ఈ వ్యాధిని ముందుగా కనిపెట్టి ప్రాణములు నిలుపు మార్గము ఏదియని ప్రపంచమంతయు విచారించుచున్న కాలమున, దానికి సమాధానము చెప్పిన స్త్రీలలో పాత హైదరాబాదు రాజ్యపు పల్లెటూళ్ల స్త్రీలును ఉన్నారు. ఉస్మానాబాదు, మేడ్చల్, ఖమ్మము అను మూడు పేర్లు ఈ కథలో వరుసగా వచ్చును. నాడు రాజురాతో కలిసి ఒకే రాజ్యములో నున్న ఊళ్లు అవి. ఆ కథ మన ఇండ్లలో తెలియకపోవుట వలన కలుగు నష్టము జ్ఞానమునకు మాత్రమే పరిమితము కాదు. ప్రాణములకు గూడ సంబంధించినది.

ముందుగా వ్యాధి స్వభావము నెరుగవలెను. గర్భాశయమునకు దిగువనుండు సన్నని ద్వారభాగమున ఈ కాన్సరు పుట్టును. మొదట అచటి జీవకణములలో స్వల్పమైన మార్పులు కలుగును. అవి ముదిరి పుండుగా మారుటకు సాధారణముగా పదిపదునైదు సంవత్సరములు పట్టును. ఆ దీర్ఘకాలమంతయు నొప్పి యుండదు, జ్వర ముండదు. వేళగాని రక్తస్రావము, దుర్వాసనగల తెలుపు, నడుమునొప్పి కనిపించునప్పటికి వ్యాధి తరచుగా లోతునకు పోయియుండును. అనగా ఈ శత్రువు నెమ్మదిగా నడచును గాని నిశ్శబ్దముగా నడచును. నెమ్మదిగా నడచుట మనకు లాభము. నిశ్శబ్దముగా నడచుట మనకు నష్టము. ముందుగా వెదకు విద్య యంతయు ఈ రెంటి నడుమనే పుట్టినది.

ఇది ఎవరికి వచ్చును, ఎవరికి రాదు అను ప్రశ్న ప్రాచీనమైనది. 1842లో ఇటలీ దేశీయుడగు రిగోని-స్టెర్న్ అను వైద్యుడు వెరోనా నగరపు మరణపత్రములను పరిశీలించి, గర్భాశయపు కాన్సరు వివాహితలలో ఎక్కువగాను, మఠములలో జీవించు సన్యాసినులలో మిక్కిలి అరుదుగాను ఉన్నదని గుర్తించెను. కారణ మాతనికి తెలియలేదు. తెలియుటకు నూటనలుబది యేండ్లు పట్టెను. ఆ మధ్యకాలమున కారణము తెలియకయే వ్యాధిని పట్టుకొను ఉపాయమొకటి దొరకెను.

ఆ ఉపాయమును లోకమునకిచ్చినవాడు జార్జి పాపనికొలావు. గ్రీసు దేశమున కిమి యను ఊర 1883లో జన్మించి, 1913లో భార్య ఆండ్రొమాకితో అమెరికాకు వలసపోయి, న్యూయార్కు నగరమున కార్నెల్ వైద్యకళాశాలలో పరిశోధకుడుగా కుదిరెను. మొదట ఆయన సీమపందుల యోనిస్రావములను గాజుపలకపై పూసి సూక్ష్మదర్శినిలో చూచి, వాటి ఋతుచక్రమును నిర్ణయించెను. తరువాత ఆ పరీక్షనే స్త్రీల విషయమున ప్రయోగించెను. భార్య ఆండ్రొమాకియే చిరకాలము తన శరీరమునుండి నమూనాల నిచ్చి ఆ పరిశోధనకు తోడ్పడెను. ఈ విద్య చరిత్రలో తొలిపుటనుండియు పేరు మరుగున పడిన స్త్రీల సాయము కనిపించుట గమనింపదగినది. 1928లో పాపనికొలావు తన కనుగోలును ప్రకటించెను; అంతకు ముందటి సంవత్సరమే రుమేనియాలో ఆరెల్ బాబెష్ అను వైద్యుడు స్వతంత్రముగా ఇట్టి పద్ధతినే చూపియుండెను. ఆనాడు ఎవరును లక్ష్యపెట్టలేదు. 1941లో హెర్బర్ట్ ట్రాట్‌తో కలిసి వ్యాసమును, 1943లో సంపూర్ణ గ్రంథమును వెలువరించిన పిమ్మటనే వైద్యలోకము దృష్టి అటు మరలెను. 1947లో ఎయిర్ అను వైద్యుడు కణములను మెల్లగా గీచి తీయుటకు తగిన చిన్న కొయ్యగరిటె నేర్పరచెను. 1949లో కెనడా దేశపు బ్రిటిష్ కొలంబియాలో కణపరీక్షా కార్యక్రమ మారంభమయ్యెను. పాపనికొలావు 1962లో పరమపదించునాటికి ఆయన పేరి పొడిమాటతో ‘పాప్ పరీక్ష’ యని అది జగద్విఖ్యాతమయ్యెను.

ధనిక దేశములలో ఈ కణపరీక్ష వలన మరణములు గణనీయముగా తగ్గినవి. కాని దాని బలమంతయు పునరావృత్తిలో నున్నది. ఒక్కమారు చూచిన దృష్టిలోపము సహజము; రెండు మూడేండ్ల కొకమారు చూచినచో ఒకమారు తప్పినది మరియొకమారు దొరకును. దానికి ఊరూర నమూనా తీయువారు కావలెను. నమూనాను పాడుకానీయక పంపు సౌకర్యము కావలెను. గాజుపలకను గంటల తరబడి చదువగల నిపుణులు కావలెను. అన్నిటికంటె మిన్నగా, బాధ యేమియు లేని స్త్రీ మరల మరల వైద్యశాలకు రావలెను. మన దేశమున బొంబాయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి 1941లో తెరువబడెను. హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ పేర కాన్సరు ఆసుపత్రి 1955లో వెలసెను. ఆ వైద్యశాలల వైద్యులకు కణపరీక్ష తెలియక కాదు. రోగి వారి ముంగిటికి చేరునప్పటికే వ్యాధి ముదిరియుండెడిది. పరీక్ష పట్టణమున నుండెను, స్త్రీ పల్లెలో నుండెను. ఈ దూరమును తగ్గించుటెట్లు అనునదే మన దేశపు ప్రశ్న.

దానికి ఒక సులభోపాయము తోచెను. ముఖద్వారమున పలుచని ఎసిటిక్ ఆమ్లమును, అనగా వంటకములలో వాడు వెనిగర్ వంటి ద్రవమును, పూసి ఒక నిమిషము నిలిచినచో, మారిన కణములున్న చోటు తెల్లబడును. శిక్షణ పొందిన నర్సు దానిని కంటితోనే చూడగలదు. ప్రయోగశాల యక్కరలేదు, సూక్ష్మదర్శిని యక్కరలేదు. ఫలితము ఆ క్షణముననే తెలియును. ఐనను తెల్లని మచ్చ లన్నియు వ్యాధి కావు. వ్యాధి గల ప్రతిచోటును తెల్లబడదు. చూచువారి కన్నును, అనుభవమును బట్టి ఫలితము మారును.

ఇంతలో అసలు కారణము బయటపడెను. జర్మను శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ త్సుర్ హౌసెన్ 1983లో ఈ కాన్సరు కణములలో హ్యూమన్ పాపిలోమా వైరస్ 16వ రకమును, మరుసటి యేడు 18వ రకమును తన సహచరులతో కనుగొనెను. 2008లో ఆయనకు నోబెల్ బహుమాన మిచ్చిరి. సంక్షేపముగా హెచ్.పి.వి. యని పిలువబడు ఈ వైరసు దాదాపు ప్రతి ముఖద్వార కాన్సరులోను ఉన్నదనియు, పదింట ఏడుపాళ్లకు 16, 18 రకములే కారణమనియు తేలెను. 1951లో బాల్టిమోరు నగరమున హెన్రియెట్టా లాక్స్ అను నీగ్రోజాతి స్త్రీ ఈ వ్యాధితోనే మరణించెను. ఆమె యనుమతి లేకయే తీసిన కణములు నేటికిని ప్రపంచపు ప్రయోగశాలలలో పెరుగుచున్నవి. వాటిలోనున్నది ఆ 18వ రకపు వైరసే యని తరువాత తెలిసెను.

ఇచట ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. ఈ వైరసు దాంపత్యసంపర్కముతో సంక్రమించును. రిగోని-స్టెర్న్ చూచిన భేదమునకు కారణ మిదియే. కాని ఇది శీలమునకు కొలబద్ద కాదు. స్త్రీపురుషులలో అధికసంఖ్యాకులకు జీవితములో నెప్పుడో ఒకప్పుడు ఇది సోకును. పదుగురిలో తొమ్మండుగురికి రెండేండ్లలోపల దేహబలముచేతనే తొలగిపోవును. ఒకే పురుషుని యెరిగిన ఇల్లాలికిని రావచ్చును. వైరసు ఏనాడు సోకినదో, ఎవరివలన సోకినదో నిర్ణయింప నెవరితరమును కాదు. కావున పరీక్షలో వైరసు కనబడెనని చెప్పినయెడల ఇంటిలో తగవు పెట్టుట అజ్ఞానము. చికిత్సకు అడ్డుపడుట అంతకంటె మించిన అపరాధము.

కారణము తెలిసినపిమ్మట మూడు మార్గము లెదుట నిలిచినవి: ఆమ్లముతో కంటిపరీక్ష, పాపనికొలావు కణపరీక్ష, వైరసునే వెదకు నూతన పరీక్ష. పేదదేశపు పల్లెలలో, జీవితమున ఒక్కమారు మాత్రమే పరీక్షకు రాగల స్త్రీకి వీనిలో ఏది ప్రాణము నిలుపును? ఈ ప్రశ్నకు ఊహతో గాక లెక్కతో సమాధానము చెప్పవలసియుండెను. ఆ లెక్క జరిగిన చోటు మహారాష్ట్రమందలి ఉస్మానాబాదు జిల్లా. ఆ జిల్లా 1956 వరకు హైదరాబాదు రాజ్యములోనిదే. 2023 నుండి ధారాశివ్ అను పేర పిలువబడుచున్నది. దానికి పొరుగున, బ్రిటిషు బొంబాయిలో నుండిన బార్షీ పట్టణమున నర్గీస్ దత్ స్మారక కాన్సరు ఆసుపత్రి యున్నది. ఆ ఆసుపత్రికి చెందిన డాక్టరు నేనే, టాటా మెమోరియల్ కేంద్రమునకు చెందిన డాక్టరు సురేంద్ర శాస్త్రి, ఫ్రాన్సు దేశమున లియోన్ నగరమునందలి అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థకు చెందిన డాక్టరు రంగస్వామి శంకరనారాయణన్ మొదలగువారు కలిసి ఈ కార్యమును తలపెట్టిరి.

1999లో పని మొదలయ్యెను. గ్రామములను 52 సముదాయములుగా విభజించి, ఆ సముదాయములను చీట్లు వేసినట్లు నాలుగు వర్గములుగా పంచిరి. 30 మొదలు 59 సంవత్సరముల వయస్సుగల 1,31,746 మంది ఆరోగ్యవంతులగు స్త్రీలు ఆ లెక్కలోనికి వచ్చిరి. ఒక వర్గమునకు వైరసు పరీక్ష, ఒక వర్గమునకు కణపరీక్ష, ఒక వర్గమునకు ఆమ్లపరీక్ష. నాలుగవ వర్గమునకు ప్రత్యేకపరీక్ష లేదు. సాధారణముగా దొరకు వైద్యము మాత్రమే. ఆరోగ్యకార్యకర్తలు ఇంటింటికి పోయి వివరించి స్త్రీలను పిలుచుకొని వచ్చిరి. పిలువబడిన ప్రతి నూరుగురిలో సుమారు ఎనుబదిమంది వచ్చిరి. నొప్పిలేని రోగమునకు పరీక్షయేమని నవ్వు పల్లెలలో, పొలముపనులు, పిల్లలు, పశువులు విడిచి అంతమంది కదలివచ్చుట సామాన్యవిషయము కాదు. దోషము కనబడినవారికి మరింత నిశితముగా పరీక్షించి, ఉచితముగా చికిత్స చేసిరి.

పిమ్మట ఎనిమిదేండ్లు వేచి చూచిరి. 2009లో ఫలితములు ప్రకటింపబడినవి. పరీక్షలేని 31,488 మందిలో 64 మంది ఈ వ్యాధితో మరణించిరి. వైరసు పరీక్షకు నిర్ణయింపబడిన 34,126 మందిలో మరణించినవారు 34 మంది. ముదిరిన దశలో వ్యాధి బయటపడినవారు అచట 82 మంది కాగా ఇచట 39 మంది. అనగా జీవితమున ఒక్కమారు చేసిన పరీక్షతోనే మరణములు దాదాపు సగమునకు తగ్గినవి. కణపరీక్ష, ఆమ్లపరీక్ష జరిగిన వర్గములలో 54, 56 మంది చొప్పున మరణించిరి. ఆ తగ్గుదల గణితశాస్త్రముచే నిలుపదగినంత గట్టిది కాలేదు. అంతకంటె విశేషమైన విషయ మింకొకటి గలదు. ‘దోషము లేదు’ అని చెప్పి పంపినవారిలో తరువాత కాన్సరు వచ్చిన వేగమును పోల్చిరి. కణపరీక్షలో బాగున్నదన్నవారిలో లక్షకు ఏటికి 15.5, వైరసు లేదన్నవారిలో 3.7 మాత్రమే. ‘నీకు భయములేదు’ అని వైరసు పరీక్ష చెప్పిన మాట ఏండ్లతరబడి నమ్మదగిన మాటయని దీనిచే తేలెను.

ఆమ్లపరీక్ష వ్యర్థమని దీని యర్థము కాదు. తమిళనాటి దిండుగల్లు జిల్లాలో 2007 నాటి ఫలితములు మరణములు 35 పాళ్లు తగ్గెనని చూపినవి. బొంబాయి మురికివాడలలో శిక్షణ పొందిన సామాన్య కార్యకర్త్రులు రెండేండ్లకొకమారు చొప్పున నాలుగుమార్లు చేసిన పరీక్షవలన మరణములు 31 పాళ్లు తగ్గినవని 2013లో వెల్లడియయ్యెను. వేరు దొరకనిచోట అదియు రక్షయే. కాని ఒక్కమారే పరీక్షింపగలుగుదుమన్నచోట వైరసు పరీక్షకు సాటి లేదని ఉస్మానాబాదు చెప్పెను.

ఈ కీర్తికి వెనుక ఒక నీడయు కలదు. దాని నిచట దాచిపెట్టరాదు. నాలుగవ వర్గపు స్త్రీలకు పరీక్ష చేయలేదు. పరీక్ష ప్రాణరక్షకమని ఇతర దేశములలో అర్ధశతాబ్దము ముందే తెలిసియుండగా, పోల్చిచూచుటకై కొందరిని పరీక్షింపకుండ విడుచుట న్యాయమా యని స్వదేశమునను విదేశమునను విమర్శ చెలరేగెను. ఆనాడు ఆ గ్రామములలో ఎవరికిని పరీక్ష లేదనియు, ఏది పనిచేయునో తెలియక దేశమంతట ధనము వెచ్చించుట తగదనియు పరిశోధకులు సమాధానమిచ్చిరి. రెండు మాటలలోను సత్యమున్నది. కాని ఆ 64 అను సంఖ్య చదువునపుడు మన గొంతు తగ్గవలెను. ఆ తల్లులు ఏ పుస్తకమునను పేరెక్కలేదు. లోకమునకు తెలిసిన ఈ సత్యమునకు మూల్య మిచ్చినవారిలో వారును ఉన్నారు.

ఇక రెండవ ఊరు మేడ్చల్. హైదరాబాదునకు ఉత్తరమున నున్న ఈ మండలములో మెడిసిటి వైద్యవిజ్ఞాన సంస్థ, షేర్ ఇండియా సంస్థ, అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయము వారితో కలిసి ఇంకొక విచారణ జరిపినవి. మన తెలుగు పల్లెల స్త్రీలకే ఈ మూడు పరీక్షలు చేసి పోల్చిరి. 2010లో ప్రకటింపబడిన ఆ ఫలితములలో, ముదిరిన మార్పులు గల నూరుగురిలో వైరసు పరీక్ష నూరుగురిని, కణపరీక్ష 78 మందిని పట్టుకొనగా, ఆమ్లపరీక్ష 32 మందిని మాత్రమే పట్టుకొనెను. పరీక్షవిషయమున మేడ్చల్ ఉస్మానాబాదు మాటకే సాక్ష్యము పలికెను.

కాని మేడ్చల్ చెప్పిన అసలు పాఠము వేరు. ఆహ్వానింపబడినవారు 5,603 మంది. వచ్చినవారు 2,331 మంది. నూటికి 58 మంది రానేలేదు. పట్టణమునకు దగ్గరగా, వైద్యశాల చెంతనే యున్న పల్లెలలో ఇది జరిగెను. నూటికి నూరుపాళ్లు పట్టుకొను పరీక్షయైనను, తలుపు దాటి రాని స్త్రీకి అది లేనట్లే. బావిలో నీరు ఎంత తియ్యనైనను చేదలేనివారి దప్పి తీరదు గదా. రాకపోవుటకు కారణము లెవరికి తెలియవు? ‘నాకేమైనది?’ యను ధీమా, పరపురుషుడు చూచునేమో యను సిగ్గు, భర్త యనుమతి, అత్తగారి మాట, ఒకదినపు కూలి పోవునను చింత, ఏమైన బయటపడునేమో యను లోపలి భయము. ఉస్మానాబాదున ఎనుబదిమందిని తెచ్చినది యంత్రము కాదు. ఇంటింటికి నడచిన కార్యకర్త్రుల కాళ్లు. ఈ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన నుంచి చదివినపుడే ఈ చరిత్ర పూర్తిగా బోధపడును.

మూడవ ఊరు ఖమ్మము. ఇది పరీక్షకు కాక టీకాకు సంబంధించినది. ఐనను నమ్మకమను విషయమున దీనిని విడుచుటకు వీలులేదు. హెచ్.పి.వి. సోకకుండ కాపాడు టీకా 2006లో అమెరికాలో అనుమతి పొందెను. 2009 జూలైలో పాత్ అను అంతర్జాతీయ సంస్థ, భారత వైద్యపరిశోధన మండలి, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కలిసి ఖమ్మము జిల్లాలోని భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో 10 మొదలు 14 ఏండ్ల బాలికలకు సుమారు 14,000 మందికి ఆ టీకా వేయించిరి. వారిలో అనేకులు ఆశ్రమపాఠశాలలలో చదువు గిరిజనబాలికలు. టీకా పొందినవారిలో కొందరు బాలికలు తరువాత మరణించుటతో కలవరము పుట్టి, 2010 ఏప్రిలులో కేంద్రప్రభుత్వము కార్యక్రమమును నిలిపివేసెను. ఆ మరణములకు టీకా కారణమని విచారణసంఘము తేల్చలేదు. కాని తల్లిదండ్రుల యనుమతికి బదులు వసతిగృహాధికారులు సంతకములు చేయుట వంటి ఘోరమైన లోపములు బయటపడినవి. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీసంఘము తీవ్రముగా తప్పుపట్టెను. తల్లికి చెప్పక బిడ్డకు మేలు చేయబూనినచో ఆ మేలే అనుమానమునకు మూలమగును. ఖమ్మము నేర్పిన పాఠ మిది.

ఈ సంఘటనకు విచిత్రమైన పర్యవసాన మొకటి కలిగెను. అదే 2009లో హైదరాబాదు, బార్షీ మొదలగు చోట్ల వైద్యసంస్థలలో ఇంకొక పరిశోధన సాగుచుండెను; టీకా రెండుమార్లు చాలునా, మూడుమార్లు కావలెనా యనునది అందలి ప్రశ్న. ఖమ్మపు కలవరముతో 2010లో దానిలోను టీకా వేయుట ఆగిపోయెను. ఫలితముగా వేలకొలది బాలికలకు ఒక్కమారు మాత్రమే టీకా పడియుండెను. పరిశోధకులు వారిని విడువక పదేండ్లు కనిపెట్టియుండిరి. 2021లో ప్రకటించిన లెక్కల ప్రకారము, 16, 18 రకముల వైరసు నిలిచిపోకుండ ఒక్కమారు టీకా ఇచ్చిన రక్షణ నూటికి సుమారు 95 పాళ్లు. రెండు మూడు మార్లు పొందినవారికి ఏమాత్రము తీసిపోలేదు. ఇతర దేశముల పరిశోధనలతో పాటు ఇదియు ఆధారముగా, ఒక్కమారు టీకా చాలునని 2022లో ప్రపంచ ఆరోగ్యసంస్థ అంగీకరించెను. ఆ యేడే పూనా సీరం సంస్థ వారి స్వదేశీ టీకాకు మన దేశమున అనుమతి లభించెను.

2020 నవంబరులో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఈ వ్యాధిని నిర్మూలింప సంకల్పము ప్రకటించెను. 2030 నాటికి పదునైదేండ్లలోపు బాలికలలో నూటికి 90 మందికి టీకా, 35వ ఏటను 45వ ఏటను నూటికి 70 మంది స్త్రీలకు మేలైన పరీక్ష, దోషము గలవారిలో నూటికి 90 మందికి చికిత్స జరుగవలెనని లక్ష్యము. 2021లో అదే సంస్థ వైరసు పరీక్షయే ప్రథమ పరీక్షగా నుండవలెనని సలహా యిచ్చెను. సాధారణముగా 30వ ఏట మొదలుపెట్టి అయిదు మొదలు పదేండ్ల కొకమారు చేయించిన చాలునని చెప్పెను. ఈ సలహాకు వెనుకనున్న ఆధారములలో ఉస్మానాబాదు ముఖ్యమైనది.

ఇక మన యిల్లు చూచుకొందము. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలనము ప్రకారము, మన దేశమున 30 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో జీవితమున ఒక్కమారైన ఈ పరీక్ష చేయించుకొన్నవారు నూటికి ఇద్దరైన లేరు, 1.9 మాత్రమే. 2022 నాటి అంతర్జాతీయ అంచనాలలో మన దేశమున ఏటేట సుమారు 1,27,000 మందికి ఈ వ్యాధి కొత్తగా వచ్చుచున్నది. సుమారు 80,000 మంది మరణించుచున్నారు. లోకమునకు దారిచూపిన దేశముననే దీపము క్రింద చీకటి నిలిచినది.

ఉప్పర్వాహి, రాజురా, బల్లార్షా ప్రాంతములలో స్థిరపడిన మన కుటుంబములకు ఈ చరిత్ర కొన్ని పనులను అప్పగించుచున్నది. ముప్పది యేండ్లు నిండిన ప్రతి స్త్రీయు, బాధ యున్నను లేకున్నను, పరీక్ష చేయించుకొనవలెను. ప్రభుత్వము 2016లో చేసిన యేర్పాటు ప్రకారము 30 మొదలు 65 ఏండ్ల స్త్రీలకు ఆమ్లపరీక్ష అయిదేండ్లకొకమారు జరుగవలసియున్నది. ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునందును, ఆశా కార్యకర్త వద్దను దీనిని గూర్చి అడుగవలెను. అడుగుట మన హక్కు. శక్తిగలవారు వైరసు పరీక్షను గూర్చి వైద్యురాలి నడుగవచ్చును. ఈ పరీక్షకు స్త్రీ తనంత తానే చాటున నమూనా తీసికొనవచ్చునని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంగీకరించినది. సిగ్గు పడువారికి ఇంతకంటె ఊరట యేమి? కణపరీక్ష దొరకుచోట అదియు మంచిదే. ఏది దొరకిన నది చేయించుకొనుట, ఏదియు చేయించుకొనకుండుటకంటె వేయిరెట్లు మేలు.

పరీక్షలో దోషము కనబడెనన్నంతమాత్రమున అది కాన్సరు కాదు. తొలిదశలోని మార్పులను మంచువలె చల్లబరచి మాడ్చుట వంటి చిన్న చికిత్సతో తొలగింతురు. గర్భాశయము తీయవలసిన పని సాధారణముగా నుండదు. కాని పరీక్ష చేయించుకొని ఫలితమునకు పోకుండుట, ఫలితము తెలిసి చికిత్సకు పోకుండుట, విత్తి కోయకుండుట వంటిది. పెద్దచికిత్స కావలసినవారికి నాగపూరున తుక్డోజీ మహారాజు పేరి ప్రాంతీయ కాన్సరు ఆసుపత్రి కలదు. ఆడపిల్లలకు తొమ్మిది మొదలు పదునాలుగేండ్ల నడుమ టీకా వేయించుట మంచిది. అది తల్లిదండ్రులు తెలిసికొని, సమ్మతించి చేయవలసిన పని. టీకా పొందినవారును పెద్దయిన తరువాత పరీక్ష మానరాదు. ఏలయనగా టీకా అన్ని రకముల వైరసులకు అడ్డుకాదు.

మన సంఘములకు గూడ ఇందు పాలున్నది. మరాఠీ చదువలేని తెలుగు ముసలమ్మకు వైద్యశాల పలకపై నేమున్నదో చదివి చెప్పువారు కావలెను. ఒంటరిగా పోవుటకు జంకు కోడలికి తోడు పోవు అత్తగారు కావలెను. సంక్రాంతి ముగ్గులపోటీకి, బతుకమ్మకు స్త్రీలను కూడగట్టగల సంఘము, ఏటికొకమారు పదిమంది స్త్రీలను వైద్యశాలకు తోడ్కొని పోలేదా? మేడ్చల్ లెక్కకును ఉస్మానాబాదు లెక్కకును నడుమనున్న భేదము అట్టి తోడే.

పాత హైదరాబాదు రాజ్యము పటమునుండి తొలగి ఆరు దశాబ్దములు దాటినది. దాని కోటలు కొన్ని కూలినవి, కొన్ని చూపరులకు మిగిలినవి. కాని ఆ రాజ్యపు పల్లెలలో పొలముగట్లు దాటి వచ్చి వరుసలో నిలిచిన స్త్రీలు లోకమునకిచ్చిన జ్ఞానము కూలునది కాదు. వారు మరాఠీ మాటలాడినవారు, తెలుగు మాటలాడినవారు; రెండు భాషలను నట్టింట నిలుపుకొన్న మనకు ఇరువురును అక్కచెల్లెండ్రే. వారి ఋణము స్తోత్రములతో తీరదు. ముప్పది దాటిన ఇల్లాలు ఒక్క ఉదయము వంటపని ఆపి, వైద్యశాలకు పోయి వచ్చినచో తీరును.